పిడికెడు బియ్యం, వంతు ప్రార్థన: సిక్కోలు పల్లె సంఘాల జ్ఞాపకాలు

రాత్రి వంటకు బియ్యం కొలిచాక, కడగబోయే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేసేవారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాత క్రైస్తవ కుటుంబాల్లో చాలా వంటిళ్ళకు ఈ అలవాటు ఉండేది. పగలంతా చోడి (రాగి) అంబలితో గడిపి, రాత్రి ఒక్క పూటే అన్నం వండుకునే ఇళ్ళలో కూడా ఆ పిడికెడు ఆగేది కాదు. దేవుని ముందు తగ్గి ఉండడం, ఆయన మీద ఆనుకుని బతకడం అనే రెండూ మన పల్లెల్లో ప్రసంగాల కన్నా ఇలాంటి అలవాట్ల వల్లే ఒంటబట్టాయని నా గట్టి నమ్మకం. ఆ అలవాట్లు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. వాటిని ఎలా చేసేవారో తెలిసినవాళ్ళు ఉండగానే రాసిపెట్టుకోవాలి.

పిడికెడు బియ్యంలో ముఖ్యమైనది తీసే వేళ. ఇంటిల్లిపాదికీ ఎంత కావాలో కొలిచాక, ఆ కొలతలోంచే తీయాలి. బస్తాలోంచి విడిగా ఇంకో పిడికెడు తీస్తే అదీ దానమే, మంచిదే. కానీ కొలిచినదాంట్లోంచి తీసినప్పుడు ఆ పూట ఇంట్లో ఎవరికో ఒక ముద్ద తగ్గుతుంది. సాధారణంగా ఆ తగ్గే ముద్ద వండిన తల్లిదే. బైబిల్లో రాజుల మొదటి గ్రంథం 17వ అధ్యాయంలో, కరువు రోజుల్లో సారెపతు ఊరి విధవరాలు చేసింది ఇదే. తనకీ కొడుక్కీ అని లెక్క కట్టుకున్న పిండిలోంచి ముందు ప్రవక్త ఏలీయాకు రొట్టె చేసింది. ఆ కథలో గాదెలు నిండిపోలేదన్నది మనం తరచూ మరిచిపోతాం. వాన పడేదాకా తొట్టిలో పిండి అయిపోలేదు, అంతే. ఏ పూటకి ఆ పూట. ఇంతకు మించి ఆశ పెట్టి కానుకలు రాబట్టే ప్రసంగం వింటే నాకు బాధ కలుగుతుంది.

లెక్క చూస్తే, ఆడవాళ్ళ చేతి పిడికెడు 40 నుంచి 50 గ్రాములు తూగుతుంది. రోజుకు ఒక పూట తీస్తే నెలకు 1.2 నుంచి 1.5 కిలోలు వస్తుంది. 20 ఇళ్ళున్న సంఘమైతే నెలకు 24 నుంచి 30 కిలోలు. ఒక ముసలమ్మకో, ఇద్దరు పిల్లలున్న వితంతువుకో ఆ నెల గడిచిపోతుంది, ఇంకా మిగిలితే పాస్టరుగారి ఇంటికి వెళ్తుంది. కుండకి అడుగున నాలుగు ఎండు వేపాకులు వేసి మూత బిగించాలి. తడి చేత్తో తీస్తే బియ్యం ముక్కి పురుగు పడుతుంది, అందుకే కడగక ముందే తీయమనేది. నెల దాటి నిలవ ఉంచకూడదు. ఇచ్చే బియ్యం మనం తినే బియ్యమే కావాలి. మనం సన్నాలు తింటూ కోటా బియ్యం కుండలో పోస్తే ఆ పిడికెడుకి అర్థం లేదు.

ఆదివారం అందరి సంచులూ తుంగచాప మీద ఒకే రాశిగా పోసేవారు. ఎవరిది ఎంతో తెలిసేది కాదు. తరువాతే కుంచంతో కొలిచేవారు. కుంచానికి రెండు అడ్డలు, అడ్డకి రెండు మానికలు. కొన్నిచోట్ల రాశిని అక్కడే వేలం వేసి ఆ డబ్బు సంఘం ఖర్చుకి వాడేవారు. ఈ అలవాటు పాడైంది ఎక్కడంటే, ఇంటింటి పేరూ రాసి, ఎదురుగా తూకం వేసి, చదవడం మొదలెట్టిన దగ్గర. లెక్క తప్పకూడదన్న మంచి ఉద్దేశంతోనే మొదలెట్టారు. కానీ రెండు కాసులు వేసిన బీద విధవరాలు (మార్కు 12) ఆ పుస్తకంలో అన్నిటికన్నా కిందకి పోతుంది. మొత్తం లెక్క రాయండి, పేర్లు రాయకండి. హైదరాబాదులోనో చెన్నైలోనో ఉద్యోగానికి వెళ్ళిన పిల్లలు కూడా దీన్ని చేయవచ్చు. బియ్యం బదులు ఆ పూట కూరకి పెట్టే ఖర్చులోంచి ఒక వంతు డబ్బాలో వేసి, నెలాఖరున ఊళ్ళో సంఘానికి పంపితే చాలు. ఎవరికి చేరాలో మాత్రం పెద్దలతో ముందే అనుకోవాలి, లేకపోతే డబ్బా నిండుతుంది గాని కదలదు.

ప్రార్థన మందిరం పనుల్లో కూడా వంతులుండేవి. శనివారం సాయంత్రం ఊడ్చి, పేడతో అలికి, చాపలు దులిపి పరచడం ఒక ఇంటి వంతు, రాత్రి కూటానికి పెట్రోమాక్స్ లైటు వెలిగించడం ఇంకొకరి వంతు. లైటు పని చూడ్డానికి చిన్నదే గాని ఓపిక కావాలి. ముందు స్పిరిట్ కప్పు నింపి వెలిగించి, బర్నరు గొట్టం బాగా కాలేదాకా ఆగాలి. ఆ తరువాతే పంపు కొట్టాలి. తొందరపడితే కిరోసిన్ ఆవిరి కాకుండానే పైకి తన్ని, పసుప్పచ్చ మంట లేచి గాజంతా మసి పట్టిపోతుంది. కొత్త మాంటిల్ ఒకసారి కాలాక బూడిద వలలా ఉంటుంది, వేలు తగిలినా, లైటు కుదిపినా రాలిపోతుంది. అందుకే మోసేవాడు నెమ్మదిగా నడవాలి. బడి పంతులైనా, పట్టా భూమి ఉన్న రైతైనా వంతు వస్తే ఈ పని చేసేవాడు. అది గొప్ప సంగతని ఎవరూ అనుకోలేదు, అదే అందులో ఉన్న మేలు. తరువాత కరెంటు వచ్చింది, కుర్చీలు వచ్చాయి, ఊడ్చేందుకు జీతానికి మనిషి వచ్చాడు. కుర్చీలు తప్పు కాదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అవసరం. ముందు వరసలో మెత్తటి సోఫా వేసి, అది ఫలానావారికని చెప్పడం మాత్రం యాకోబు పత్రిక 2వ అధ్యాయం సూటిగా వద్దన్న పని. ఊడ్చే వంతును మళ్ళీ పెట్టుకోవడానికి డబ్బు అక్కర్లేదు. ఒక కాగితం మీద పేర్లు రాసి, మొదటి పేరు పాస్టరుగారిది పెడితే చాలు, మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

మన ప్రాంతంలో సువార్త చరిత్ర పాతదే. లండన్ మిషన్ వాళ్ళు విశాఖపట్నం వచ్చింది 1805లో. ఆ తరువాత కెనడా బాప్టిస్టులు బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి, పాలకొండ వైపు, జర్మనీ నుంచి వచ్చిన లూథరన్లు సాలూరు వైపు పనిచేశారు. కూటాల్లో పాడే కీర్తనల్లో చాలా వాటిని రాసిన పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) పర్లాకిమిడి వైపు పుట్టి, శ్రీకాకుళం ప్రాంతంలో తిరిగిన మనిషే. చదువు రాని అమ్మలు కూడా ఆ కీర్తనలు చరణం వదలకుండా పాడేవారు. ప్రార్థనలో వాళ్ళకి మాటలు తడుముకోవలసిన పని లేకపోయింది అందువల్లే.

ఇక వంతు ప్రార్థన. దీపాలు పెట్టాక ఒక ఇంటి వాకిట్లో పది పన్నెండు మంది చేరేవారు. ఒక కీర్తన, ఒక చిన్న వాక్యభాగం, తరువాత వరసగా కూర్చున్న ప్రతి ఒక్కరూ ప్రార్థన. దీనికి ఎవరూ రాసిపెట్టని కట్టుబాట్లు ఉండేవి. ఒక మనిషి ఒక్క సంగతే అడగాలి. ముందువారు అడిగింది మళ్ళీ అడగక్కర్లేదు, "ఆమెన్" అంటే అది మనదీ అవుతుంది. మాటలు ఇంట్లో మాట్లాడుకునే మాటలే. "ప్రెబువా, ఆవు పొదుగు వాసిపోనాది, సెయ్యి ఎయ్యనీడం నేదు, నువ్వే సూడాల." "మద్రాసు ఎల్లిన గుంటడి కాడ్నుంచి కబురు నేదు తండ్రీ." ఇంతే, ఆమెన్. ఆ ప్రార్థనలో దేవుడికి పరిచయాలు లేవు, పక్కింటివాళ్ళకి వినిపించే బోధ లేదు. ప్రార్థన పేరుతో పక్కవాడికి బుద్ధి చెప్పడం ఎక్కడైనా జరిగే పొరపాటు, పెద్దలు దాన్ని వెంటనే పట్టేసేవారు. "అది ఆడికి సెప్పు బావూ, దేవుడికి కాదు" అనేవారు. లూకా 18లో పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదుడు) వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటాడు, పదోవంతు ఇస్తాడు. చేసిన పనుల్లో తప్పు లేదు. దూరంగా నిలబడ్డ సుంకరిని (పన్ను వసూలు చేసేవాణ్ణి) చూపించి పోల్చుకోవడంతోనే అతని ప్రార్థన చెడింది. కాబట్టి ఇప్పుడు ప్రార్థన నేర్పేవాళ్ళు పిల్లలకి ముందు చెప్పాల్సింది ఒకటే: ఇంకో మనిషితో పోలిక రానివ్వకండి, మెప్పుగానైనా, నిందగానైనా.

అలా అడగడం వచ్చినవాళ్ళకి, అడిగాక ఊరుకోవడం కూడా వచ్చేది. దానికి కీర్తనల గ్రంథంలో 131వ కీర్తన ఉంది. మూడే వచనాలు. యెరూషలేముకు ఎక్కి వెళ్ళేవాళ్ళు పాడుకున్న 15 యాత్రకీర్తనల్లో అదొకటి. మొదటి వచనం గర్వం గురించి, చివరిది నమ్మిక గురించి, మధ్యలో పాలు విడిచిన పిల్ల. మన ఊళ్ళలో పాలు మాన్పించడం చూసినవాళ్ళకి ఈ మధ్య వచనం బాగా తెలుస్తుంది. చన్నుకి వేపాకు నూరి రాస్తారు. బిడ్డ నోరు పెట్టి, చేదు తగిలి, ఏడ్చి, తల్లిని కొట్టి, మళ్ళీ వెతుక్కుంటుంది. రెండు మూడు రాత్రులు ఇల్లంతా నిద్ర ఉండదు. తరువాత ఒక రాత్రి ఆ బిడ్డే వచ్చి, పాల కోసం కాకుండా తల్లి కోసమే ఆ ఒళ్ళో పడుకుంటుంది. పాలు తాగే బిడ్డకి తల్లి దగ్గరికి రాగానే ఆకలి గుర్తొస్తుంది. పాలు విడిచిన బిడ్డకి తల్లి ఉంటే చాలు. అడిగింది రాని రోజున కూడా దేవుని దగ్గరే ఉండగలగడం ఈ కీర్తన నేర్పుతుంది. మధ్యలో ఆ ఏడుపు రాత్రులు ఉంటాయి, అవి అవిశ్వాసం కాదు. వాటిని దాటించకుండా "నమ్మకం ఉంటే ఏడవకూడదు" అని చెప్పేవాళ్ళు ఆ తల్లి పడ్డ పాట్లు ఎరగరు. ఈ కీర్తనని కంఠతా పట్టి, రాత్రి పడుకునేముందు నెమ్మదిగా ఒక్కసారి చెప్పుకుంటే చాలు. ఎక్కువసార్లు చెప్పి జపంలా చేయక్కర్లేదు.

పేతురు మొదటి పత్రిక 5వ అధ్యాయంలో 6, 7 వచనాలు విడదీసి చదవడం మనకి అలవాటైపోయింది. ఆరో వచనం వినయం మీద ప్రసంగానికి, ఏడో వచనం ఆదరణ కూటానికి. కలిపి చదివితే, దేవుని చేతి కింద తగ్గించుకునే విధానమే చింతంతా ఆయన మీద వేయడం. రేపటి బరువంతా నేనే మోస్తానని పట్టుబట్టడం కూడా ఒక రకం గర్వమే అన్నమాట. పాత తల్లులు దీన్ని సులువుగా చేసేవారు. చింతని పేరు పెట్టి చెప్పేవారు. "అప్పు" అని కాకుండా, ఎవరికి, ఎంత, ఏ రోజుకి అన్నది. ఆ మూడూ చెప్పాక, ఆ రోజు తమ చేతిలో ఉన్న ఒక్క పని చేసేవారు. షావుకారు దగ్గరికి వెళ్ళి గడువు అడగడమో, మేకపిల్లని సంతకి తోలడమో. మొత్తం జీవితాన్ని గురించి ఒక్కసారిగా ప్రార్థించబోతే మనసు చెదిరి, ప్రార్థన కాస్తా ఆలోచన అయిపోతుంది.

ఆవు పొదుగు గురించి ప్రార్థించిన మనిషి మర్నాడు పశువుల డాక్టరు దగ్గరికీ వెళ్ళేవాడు. ఈ రెంటికీ పోటీ పెట్టడం తరువాత వచ్చిన జబ్బు. జబ్బుపడ్డ హిజ్కియా రాజు కన్నీళ్ళతో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, అయినా ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు (2 రాజులు 20). ఇది మన ఉద్దానంలో ప్రాణాల మీదికి వచ్చే సంగతి కాబట్టి గట్టిగా చెప్పాలి. కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు లేని ఊరు అరుదు. ఉపవాస కూటం ఉందని డయాలసిస్ మానకూడదు. డాక్టరు చెప్పిన నీటి కొలత దాటకూడదు. ఉపవాసం విడవడానికి చేతికి అందేది కొబ్బరినీళ్ళే గాని, వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ పాడైన ఒంట్లో అది బయటికి పోక గుండె కొట్టుకోవడం తప్పే ప్రమాదం ఉంది. సుగరుకి ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు పస్తుంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. ఒళ్ళు వణకడం, చెమట, మాట తడబడడం కనిపిస్తే వెంటనే చక్కెర నీళ్ళు తాగించాలి గాని "ఆత్మ కదిలింది" అనుకోకూడదు. వీళ్ళు చేయగల ఉపవాసం వేరే ఉంది. యెషయా 58 చెప్పినట్టు ఆకలిగొన్నవాడికి మన ఆహారం పంచడం, ఒక పూట ఫోను పక్కన పెట్టడం, ఒక పూట ఎవరి మీదా మాట తూలకపోవడం. ఆరోగ్యం ఉన్నవాళ్ళు శుక్రవారం రెండు పూటలు మాని సాయంత్రం పలచటి గంజితో విడవడం మన పాత పద్ధతి, అది ఇప్పటికీ మంచిదే. విడిచిన వెంటనే బిరియానీ తింటే కడుపు ఊరుకోదు.

తుపాను దేశం కాబట్టి సాక్ష్యం చెప్పడంలో (దేవుడు తమకి చేసిన మేలు సంఘం ముందు చెప్పుకోవడంలో) కూడా మనకి జాగ్రత్త కావాలి. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, ఈ రెండూ గుర్తులేనివాళ్ళు లేరు. ఉద్దానంలో తరాల నాటి కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో పడుకున్నాయి. కొబ్బరి మొక్క మళ్ళీ కాపుకు రావాలంటే అయిదారేళ్ళు, నాటు రకమైతే ఇంకా ఎక్కువ. అలాంటి ఆదివారం లేచి "మేము ప్రార్థించాం, మా రేకు ఒక్కటి కూడా లేవలేదు" అంటే, పక్క చాప మీద ఇల్లు పోయినవాడు కూర్చుని ఉంటాడు. వాడూ ప్రార్థించాడు. సిలోయం గోపురం పడి చచ్చిపోయిన 18 మంది మిగతావాళ్ళ కన్నా పాపులా అని యేసు అడిగింది మన కోసమే (లూకా 13). సాక్ష్యంలో దేవుడు చేసింది చెప్పాలి, ఎందుకు చేశాడో మనమే చెప్పకూడదు. "ప్రాణాలతో ఉన్నాం, దేవునికి స్తోత్రం. మా వంటిల్లు బాగానే ఉంది, వండుకోడానికి రండి" అనడం పాత సంఘాల సాక్ష్యం. ఆ రెండో వాక్యం లేకుండా మొదటిది చెప్పకపోవడమే మేలు.

చాలా సంఘాల్లో నెలకోసారి ప్రభుబల్ల (క్రీస్తు మరణాన్ని తలచుకుని రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆచారం), దాని ముందు శనివారం సిద్ధపాటు కూడిక. ఆ కూడికకి వచ్చేలోపే సమాధానపడాలన్నది కట్టుబాటు, మత్తయి 5:23-24 ప్రకారం. ఒంటరిగా వాళ్ళింటికే వెళ్ళాలి. పెద్దమనిషిని ముందే వెంటపెట్టుకుని వెళ్తే అది పంచాయితీ అయిపోతుంది. మత్తయి 18లో కూడా మనుషుల్ని తీసుకెళ్ళడం రెండో మెట్టే. చేసిన తప్పు పేరు పెట్టి చెప్పి ఆగాలి. "అప్పా, నిన్న బోరింగు కాడ నానన్న మాట తప్పు. సెమించు." ఇంతకు మించి ఒక్క మాట కలిపినా చెడుతుంది. "నువ్వూ అలా అన్నావు గనక" అన్నామంటే క్షమాపణ కాస్తా వకాల్తా అవుతుంది. "నీకు బాధ కలిగుంటే" అన్నా అంతే, తప్పు ఆమె మనసుదైపోతుంది. సొమ్ముకి సంబంధించిందైతే డబ్బు చేత్తో పట్టుకునే వెళ్ళాలి, అన్యాయంగా తీసుకున్నది తిరిగి ఇస్తానన్న జక్కయ్యలాగా (లూకా 19). వాళ్ళు ఆ రోజే క్షమించకపోవచ్చు. బలవంతపెట్టకూడదు.

ఒక సంగతి తప్పకుండా చెప్పాలి. మన పల్లె సంఘాలు ఎక్కువగా ఊరికి దూరంగా, పేటల్లో పుట్టాయి. తరాలుగా ఇతరుల చేత తలలు వంచబడినవాళ్ళకి "వినయంగా ఉండండి" అని బోధించేటప్పుడు నాలుక అదుపులో ఉండాలి. కూలి ఎగ్గొట్టిన కామందు ముందు నోరు మూసుకోవడం క్రీస్తు నేర్పిన దీనత్వం కాదు. ఫిలిప్పీ పట్టణంలో పౌలును విచారణ లేకుండా కొట్టి చెరలో వేశారు, తెల్లారాక చాటుగా వెళ్ళిపొమ్మన్నారు. అతను కదలలేదు. వాళ్ళే వచ్చి బయటికి తీసుకెళ్ళాలన్నాడు (అపొస్తలుల కార్యములు 16:37). క్రీస్తు తన్ను తాను రిక్తునిగా (ఏమీ లేనివాడిగా) చేసుకున్నాడని తరువాత ఆ పౌలే రాసింది, అదే ఫిలిప్పీ సంఘానికి. దిగడం తెలిసినవాడు నిలబడడం కూడా తెలిసినవాడే. తగ్గించుకోమని చెప్పాల్సింది ముందు మైకు ఉన్నవాడికి, పేరు ముందు బిరుదులున్నవాడికి, ఉపాధి పనుల మస్టరు రాసేవాడికి.

కథోలిక గుడుల్లో ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర గురువారం రాత్రి గురువుగారు 12 మంది పాదాలు కడుగుతారు. 2016 నుంచి స్త్రీలకూ అందులో చోటుంది. ఇంటి నుంచి సబ్బుతో తోముకుని వచ్చిన పాదాల మీద నాలుగు చుక్కలు పోయడం కన్నా, పొలం నుంచి వచ్చినవాడికి చెంబుతో నిండా నీళ్ళు పోసి, పళ్ళెంలో మడమలు రుద్ది, తువాలుతో వేళ్ళ మధ్య తుడవడం మన వాకిళ్ళకి తెలిసిన పనే. బాప్టిస్టు, లూథరన్ సంఘాల్లో ఈ ఆచారం అరుదు, అయినా యువజన కూటాల్లో చేయించవచ్చు. చేసినప్పుడు కడిగేవాడికన్నా కడిగించుకునేవాడే ఎక్కువ ఇబ్బంది పడతాడు. యేసు పాదాలు కడగబోతే పేతురు కూడా వద్దన్నది అందుకే (యోహాను 13:8).

ముసలితనంలో, జబ్బులో ఆ ఇబ్బంది రోజూ వస్తుంది. జీవితమంతా ఇచ్చిన చెయ్యి పుచ్చుకోవడానికి చాచడం కష్టం. మోకాళ్ళ మీద కూర్చోలేనందుకు కన్నీళ్ళు పెట్టుకునే పెద్దమ్మలున్నారు. మంచం మీద ఆనుకుని చేసినా ప్రార్థన ప్రార్థనే అని వాళ్ళకి పాస్టరుగారే వచ్చి చెప్పాలి. చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఏటి కావాల అమ్మా?" అని అడిగితే "ఏటీ ఒద్దు" అనేయడం మన పెద్దల అలవాటు. అలా అనకుండా ఒక పని చెప్పమనండి: బిందెడు నీళ్ళు, మందుల చీటీ, టెక్కలి ఆసుపత్రి దాకా తోడు. అడిగినవాళ్ళు దాన్ని ఆ రోజే చేయాలి.